రాలిన కాయ ఎవరిది

బుడమేరు పొంగి బెజవాడను ముంచిన మరుసటి ఏడాది అది. ఆ వరద తీశాక వచ్చిన మొదటి పూత. తోటలన్నీ తేనె వాసన కొడుతున్నాయి గాని, సలోమోను ఇంటి వసారాలో మాత్రం కాగితాల వాసన.

పుస్తకాలు తిరిగొస్తున్నాయి.

మొన్న తొమ్మిది వచ్చాయి. నిన్న కొరియర్‌లో ఇరవై. ఈ ఆదివారం ఆరాధన ముగించుకుని గుడి నుంచి ఇంటికొచ్చేసరికి ఎవరో ఆటోలో తెచ్చి దింపిన గోనెసంచి అరుగు మీద కూర్చుని ఉంది. అన్నీ ఒకటే పుస్తకం. అట్ట మీద మామిడి కొమ్మ, దాని కింద ‘కాపలా ఆట’, ఇంకా కింద చిన్న అక్షరాల్లో ‘చెప్పినది సలోమోను, రాసినది లేయా’. అన్నిటికీ మొదటి కాగితం చింపేసి ఉంది. చింపిన చోట ఒక చీటీ.

‘మాట మా దగ్గరే ఉంచుకున్నాం. పుస్తకం మీరే ఉంచుకోండి.’

ఆ చింపుకున్న కాగితం మీద ఏముందో ఇంట్లో ముగ్గురికీ నోటికి వచ్చు. గాలికి రాలిన కాయ ఏరుకున్నవాడిది. ఈ ఆటా అంతే. ఆడుకో, మార్చుకో, నీ పేరున అచ్చు వేసుకో. ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ మాట ఎప్పటికీ మారదు.

“గుడిలో నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు చూశావా అమ్మా?” అంది లేయా, సంచి మూతి విప్పుతూ.

“ఆలస్యంగా వెళ్ళి గోడ వారన కూర్చుంటే ఎవరు కూర్చుంటారే,” అంది గ్లోరీ.

“ఫోన్ చూస్తే నువ్వలా అనవు. విను. ‘తాత నోటి మాటను మనవరాలు బేరం పెట్టింది.’ ఇది నిన్నటిది. ‘నూజివీడు రసం తియ్యనే, టెంకే చేదు.’ ఇది పొద్దుటిది. దీనికి నవ్వే బొమ్మలు నూట పది.”

“ఆ ఫోను బావిలో పారెయ్యి.”

“పారేస్తే వాళ్ళు ఊరుకుంటారా? మనోజ్ ఏమన్నాడో తెలుసా? వాడు మన ఇంట్లో అన్నం తిన్నాడమ్మా. ‘లేయా అక్క ఇలా చేస్తుందనుకోలేదు’ అని అందరూ చూసేట్టు పెట్టాడు.”

సలోమోను నులకమంచం మీద కూర్చుని చింతపిక్కను గచ్చుకేసి అరగదీస్తున్నాడు. ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా రావాలి. ఆ పిక్క ఎప్పుడో తెల్లబడింది. ఇంకా తీస్తూనే ఉన్నాడు.

తోట కాపలా కాసిన ముప్పై ఏళ్ళలో, కోతకొచ్చిన కూలీల పిల్లల కోసం అతను అల్లిన ఆట అది. చాప చుట్టూ ఐదుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెప్పేవారు. మిగతావారిలో ఒకడు కాపలావాడవుతాడు, ఒకడు షావుకారు, ఒకతె కోతి, ఒకతె గాలివాన. ఎవరికి వారు ఆ మనిషై మాట్లాడాలి. ముందేమవుతుందో తేలకపోతే ఆరు పిక్కలు వేస్తారు. తెల్లవి ఎక్కువ పడితే అనుకున్నది జరిగినట్టు.

మూడేళ్ళ కిందట లేయా దాన్ని పుస్తకం చేసింది. అక్కణ్ణించి ఆట కాళ్ళొచ్చి నడిచిపోయింది. మనోజ్, వాడి క్యాంపస్ స్నేహితులు కోతుల దండు అని ఒక భాగం కలిపారు. కైకలూరు వైపు ఎవరో తోట తీసేసి చేపల చెరువు పెట్టారు. బాపులపాడులో కృష్ణవేణి టీచరు, వినపడని పిల్లల హాస్టల్లో, మాటే లేకుండా చేతి సైగలతో ఆడించి దానికీ ఒక పుస్తకం వేసింది. ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదని మొదటి కాగితమే చెప్పింది.

ఈ జనవరిలో పాండురంగారావు గారి ప్రెస్సు నుంచి రంగుల పెట్టె వచ్చింది. ఆయన మామిడి షావుకారు. పళ్ళ పెట్టెలకు అట్టలు వేసుకోడానికని పెట్టిన ప్రెస్సు అది. పెట్టెలో పుస్తకం కొత్తది, మొదటి కాగితమూ కొత్తదే. సర్వహక్కులు మావి. పాత అనుమతి రద్దు. మార్చినవారు, అచ్చు వేసినవారు ముప్పై రోజుల్లో ఆపవలెను. కింద, సలోమోను సంతకం.

“ఆ సంతకం దొంగది,” అంది లేయా, వందోసారి. “రేపు పొద్దున్నే నూజివీడు స్టేషన్‌కి వెళ్తున్నాం తాతయ్యా. నువ్వు నా పక్కన నిలబడితే చాలు. మాట్లాడక్కర్లేదు.”

మాట్లాడక్కర్లేదు అన్న మాట దగ్గర పిక్క వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది.

సంతకం దొంగది కాదు. అతనే పెట్టాడు.

*

మధ్యాహ్నం భోజనాలు కాకముందే కృష్ణవేణి టీచరు వచ్చింది. స్కూటీ గేటు బయటే ఆపి, చేతిలో ఒక్క పుస్తకంతో లోపలికి నడిచింది. సైగల బొమ్మలున్న పుస్తకం.

“కూర్చోండి టీచర్‌గారూ,” అంది గ్లోరీ.

“కూర్చోనండీ. ఇది ఇచ్చి వెళ్దామని. ఇంకో యాభై హాస్టల్లో ఉన్నాయి, వాటిని ఏం చేయమంటారో చెప్పండి. తగలబెట్టమంటే తగలబెడతాను. నోటీసులో ఆపమన్నారు గాని, ఆపినవి ఎక్కడ పెట్టాలో రాయలేదు.”

“మేడం, మేం రాసిన నోటీసు కాదది,” అంది లేయా.

“పేరు మీదే కదమ్మా.”

“పేరు మాది. పని మాది కాదు. తాతయ్య సంతకం దొంగతనంగా పెట్టుకున్నారు. రేపు కేసు పెడుతున్నాం.”

కృష్ణవేణి అప్పుడు కూర్చుంది. చాలాసేపు పుస్తకం అట్టను అరచేత్తో తుడిచింది.

“పిల్లలకి ఎలా చెప్పాలో తెలియలేదు లేయా. ‘ఆపెయ్యాలి’ అనడానికి సైగ ఉంది. ‘ఎందుకు’ అనడానికీ ఉంది. పది రోజులుగా వాళ్ళు ఆ రెండోదే చేస్తున్నారు. వాళ్ళకి ఈ ఆటలో ఏది ఇష్టమో తెలుసా? ఆ తప్పు రూలు. తప్పు చేసినవాడు తనంతట తనే చెప్పుకోవాలి, అప్పటిదాకా వాడి వంతుకి పిక్కలు పడవు అని. మా వాళ్ళు దానికోసం కావాలని తప్పులు చేస్తారు. చెప్పుకుని హాయిగా నవ్వుతారు.”

“ఆ రూలు తాతయ్యదే.”

“తెలుసమ్మా.” ఆమె మంచం వైపు తిరిగింది. “తాతగారూ, మీ నోటితో ఒక్కమాట చెప్పండి, నాకు చాలు. సంతకం మీరు పెట్టలేదు కదా?”

గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. వీధిలో ఐసు బండివాడు గంట వాయించుకుంటూ వెళ్ళిపోయాడు. లేయా తాత మొహం వైపు చూడను కూడా లేదు. చూడక్కర్లేదనుకుంది.

“ఎండన పడి వచ్చావు,” అన్నాడు సలోమోను. “మజ్జిగ తాగి వెళ్ళమ్మా.”

కృష్ణవేణి మజ్జిగ తాగలేదు. పుస్తకం మంచం కోడు దగ్గర పెట్టి వెళ్ళింది.

*

చేతులు కడుక్కోడానికి సలోమోను పెరట్లోకి వెళ్తే, కోడలు గ్లోరీ వెనకే చెంబు పట్టుకొచ్చింది. నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“మావయ్యా, క్రిస్మస్ ముందు వారం తెల్లచొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్ళారు?”

సలోమోను చేతులు తోముకుంటున్నాడు.

“ఆ సాయంత్రం కేకు తెచ్చారు. చర్చివాళ్ళు ఇచ్చారన్నారు. చర్చివాళ్ళు కేకు మీద జీడిపప్పు వెయ్యరు.”

నీళ్ళు అయిపోయాయి. ఆమె ఖాళీ చెంబు అలాగే వంచి పట్టుకుంది.

“మీ అబ్బాయి లారీ మీద ఉన్నాడు. ఉంటే ఆయన అడిగేవాడు. నేను అడగను. కోడల్ని. లేయా కూడా అడగదు, మీరంటే దానికి అంత నమ్మకం. అడిగేవాళ్ళు ఎవరూ లేరని మీరు ఊరుకుంటే, రేపు అది అందరి ముందు నుంచుని అబద్ధం చెప్తుంది. అబద్ధమని దానికి తెలియకుండానే.”

అతను కండువాతో చేతులు తుడుచుకుని, అన్నం తినకుండానే రోడ్డు మీదికి నడిచాడు.

*

పాండురంగారావు ప్రెస్సు గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆదివారం యంత్రం ఆగి ఉంది. రంగుల పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి.

“రండి సలోమోను గారూ,” అని లేచి, పేము కుర్చీ ఇటు జరిపాడు.

ఆ కుర్చీయే. ఆ మాటే.

ముప్పై ఏళ్ళు ఈ మనిషి దగ్గర పని చేశాడు సలోమోను. ‘ఒరే సలోమోనూ’ అనే పిలిచేవాడు. కబురుకొస్తే గుమ్మం దగ్గర నుంచోడం, ఆలస్యమైతే మెట్టు మీద కూర్చోడం. డిసెంబరులో మాత్రం ‘గారూ’ అన్నాడు. కుర్చీ వేశాడు. గాజు గ్లాసులో కాఫీ, సాసరుతో సహా ఇచ్చాడు. పెట్టె మూత మీద మీ పేరు పెద్దక్షరాల్లో వేస్తానన్నాడు. ఆ కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నప్పుడు సలోమోనుకు ఒక్కటే అనిపించింది. చచ్చిపోయిన మా నాన్న చూస్తే బాగుండును.

ఈసారి కూర్చోలేదు.

“బాబుగారూ, అది ఒక్క పంటకే గదా రాసింది.”

“పంటేంటి?”

“పూత మీద కాగితం రాస్తే కాయ కోతతో అయిపోద్ది గదండీ. తమరు రాయించిన ప్రతి కాగితానికీ సాక్షిగా నేనే గదా సంతకం పెట్టింది. చెట్టు ఎవరిది వాళ్ళదే. ఆ ఏటి కాయ మటుకే షావుకారుది. మళ్ళీ పూతకి మళ్ళీ కాగితం. ఇదీ అంతే అనుకున్నాను.”

పాండురంగారావు నవ్వలేదు. నవ్వితే సలోమోనుకు కోపం తెచ్చుకోడానికి వీలయ్యేది.

“మీకు మొత్తం చదివి వినిపించాను. ‘ఎల్లకాలమూ’ అని చదివాను. మీరు తలూపారు.”

“ఊపానండి.”

“మరి?”

“కాఫీ చేతిలో ఉంది. సాసరు వణుకుతోంది. ఒలికిపోద్దేమోనని దాని మీదే ఉన్నాను.”

పాండురంగారావు పక్కనున్న రంగుల పెట్టె మూత సరిగ్గా నొక్కాడు.

“తమరు షావుకారై ఇన్నేళ్ళయింది,” అన్నాడు సలోమోను. “గాలివాన వెలిసిన పూట రాలిన కాయకి ఎప్పుడన్నా అడ్డుపడ్డారా?”

“పడలేదు. ఏరుకున్నవాడు ఇంటికెళ్ళి పచ్చడి పెట్టుకుంటే నాకేం? కానీ ఏరుకుని నా కొట్టు ఎదురుగానే బుట్ట పెడితే? ఇంత రంగు పోసి, ఇంత అట్ట కొని, నేను పెట్టె చేస్తే, పక్కనే ఎవడో ఇదే ఆట ఊరికే పంచుతుంటే? మీరు చెప్పండి, మీరే నా చోట ఉంటే?”

సలోమోను పేర్చి ఉన్న రంగుల పెట్టెలకేసి చూశాడు.

“మీ మనవరాలు కేసు పెడుతుందని విన్నాను. పెట్టమనండి. ఇటు రండి, ఇది చూడండి.”

ఫోను చూపించాడు. అందులో సలోమోను ఉన్నాడు. తెల్లచొక్కా, మెడ దాకా గుండీలు. కుర్చీలో నిటారుగా కూర్చుని సంతకం పెడుతున్నాడు. పెట్టి తలెత్తి నవ్వుతున్నాడు. తను అంతగా నవ్వగలడని సలోమోనుకు అప్పటిదాకా తెలియదు.

“దొంగ సంతకం అని ఆమె అంటే, నేను ఇది చూపించక తప్పదు. అప్పుడు ఆమె మాట ఈ జిల్లాలో ఎవరూ నమ్మరు. నాకు అది ఇష్టం లేదు, ఆ పిల్ల మంచిది. ఒక పని చేయండి. కేసు ఆపించండి. ఏదో ఒకటి చెప్పి ఆపించండి. ఇది నా ఫోన్లోనే ఉండిపోతుంది. మీ పరువూ నిలుస్తుంది. ఈ గోల అంటారా, మామిడి కోత మొదలైతే ఎవరికీ గుర్తుండదు.”

“లేయాని అంటన్నారండి అందరూ.”

“కొన్నాళ్ళు అంటారు.”

“నేను చేసిందానికి.”

“అది మీరూ మీరూ చూసుకోండి,” అన్నాడు పాండురంగారావు. ఈసారి ‘గారూ’ అనలేదు.

*

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. లేయా చాప మీద కూర్చుని కంప్లయింటు రాస్తోంది. కేసు ఆపమని చెప్పడానికి దారి పొడుగునా ఒక మాట తయారుచేసుకున్నాడు. పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా అని. అది నోట్లోనే ఉంది.

“విను తాతయ్యా, బాగుందో లేదో చెప్పు. ‘మా తాతగారు సలోమోను మూడో తరగతి వరకే చదువుకున్నారు. అయినా ఇచ్చిన మాట ఏనాడూ తప్పలేదు. నాకు చెప్పకుండా ఆయన ఏ కాగితం మీదా సంతకం చేయరు. కావున ఈ సంతకం ఆయనది కాదని…’ ఇక్కడ నువ్వు పెట్టాలి. ఇదుగో పెన్ను.”

పెన్ను తీసుకున్నాడు. వంటింటి గుమ్మంలో గ్లోరీ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

ఆ కాగితం మీద పేరు రాస్తే అదే దొంగ సంతకం అవుతుంది. రాయనంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకు అన్నదానికి జవాబు ఒక పేము కుర్చీ. మనవరాలి మొహం చూస్తూ ఆ మాట ఎలా అనాలి?

“కళ్ళు ఆనడం లేదమ్మా,” అన్నాడు. “పొద్దున్న పెడతాలే.”

ఊరుకున్నవీ కలిపితే, అది ఆ రోజు అతను చెప్పిన రెండో అబద్ధమో మూడోదో. గ్లోరీ లోపలికి వెళ్ళిపోయింది. గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు కావలసిన దానికన్నా ఎక్కువ వినిపించింది.

*

తెల్లారి ఏడింటికల్లా సలోమోను స్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఆరు చింతపిక్కలు జేబులో వేసుకున్నాడు.

“స్టేషన్‌కి పెళ్ళికెళ్ళినట్టు వెళ్తావేంటి తాతయ్యా,” అని నవ్వింది లేయా. పది రోజుల్లో అదే మొదటి నవ్వు.

రోడ్డు మీద నూజివీడు వెళ్ళే బస్సు కనపడగానే ఆమె చెయ్యెత్తింది. సలోమోను ఆమె పక్కన లేడు. రోడ్డు దాటి అవతల, హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాడు.

“తాతయ్యా, స్టేషన్ ఇటు.”

అతను వచ్చే బస్సుకేసి చెయ్యెత్తాడు. అటు బస్సు వచ్చింది, ఎక్కాడు. లేయా కంప్లయింటు కాగితం గుండెకు అదుముకుని పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది. జంక్షన్ దాకా ఎన్ని అడిగిందో. అతను కిటికీలోంచి పూతకేసి చూస్తూ కూర్చున్నాడు.

బాపులపాడు హాస్టల్లో పిల్లలు ప్రార్థన ముగించి వరసలు కడుతున్నారు. కృష్ణవేణి వాళ్ళిద్దరినీ చూసి మెట్లు దిగి వచ్చింది గాని, ముసలాయన మొహం చూసి ఏమీ అడగలేదు. గది తలుపు తీసింది.

సలోమోను చాప పరిచి కూర్చున్నాడు. ఆరు పిక్కలు ముందు పెట్టాడు. పిల్లలు ఎగబడి చుట్టూ చేరారు. రెండు జడల పిల్ల ఒకతె పిక్కల్ని చూపించి, తర్వాత టీచర్ని చూపించి, ఆపెయ్యమన్నారు కదా అన్నట్టు చేత్తో కోసింది. ఆ వెంటనే రెండో సైగ చేసింది. ఎందుకు.

సలోమోనుకు ఆ సైగలు రావు. లేచి, మూల ఉన్న టీచరు కుర్చీ తెచ్చి చాప మధ్యలో వేశాడు. అందులో నిటారుగా కూర్చున్నాడు. గుండీ సర్దుకున్నాడు. లేని సాసరు ఎడంచేత్తో పట్టుకుని, అది వణుకుతుంటే దానికేసే కళ్ళార్పకుండా చూశాడు. పక్కనెవరో ఏదో చదువుతున్నట్టు, వినకుండానే తలూపాడు. పిల్లలు పకపకా నవ్వారు.

తర్వాత కుడిచేతి వేలితో ఎడం అరచేతి మీద నెమ్మదిగా పేరు రాశాడు. రాసి, తలెత్తి, ఫోన్లో నవ్వినట్టే నవ్వాడు.

రెండు జడల పిల్ల నవ్వడం ఆపింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ఆపారు. సలోమోను ఒక చెయ్యి గుండె మీద వేసుకుని, రెండో చేత్తో వాళ్ళ పుస్తకాన్ని చూపించాడు. కుర్చీలోంచి దిగి కింద కూర్చున్నాడు.

గుమ్మంలో లేయా చేతిలోని కాగితం మడత పడింది. తను మడిచిన సంగతి ఆమెకు తెలియలేదు.

“నువ్వేనా?” అంది. గొంతు రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. ఆ గదిలో అందరికీ అర్థమైంది.

సలోమోను తలూపాడు. ఈసారి విని ఊపాడు.

తప్పు చెప్పుకున్నాడు కాబట్టి, ఇక అతని వంతుకు పిక్కలు పడాలి. పిల్లలు అదే చూస్తున్నారు. అతను ఆరు పిక్కలూ చేతిలోకి తీసుకున్నాడు గాని వెయ్యలేదు. అరచెయ్యి తెరిచి మనవరాలి వైపు చాపి, ఆమె వచ్చి తీసుకునేదాకా దించేది లేదన్నట్టు, అలాగే కూర్చున్నాడు.